చెమ్మ పక్క కిందికి

మా చేలో అడుగు పెట్టాలంటే ముందు చెప్పులు విడవాలి. చెప్పులుంటే రాయి కదిలింది కాలికి తెలియదు. ఉత్త కాలికైతే తెలుస్తుంది. రాయి కదిలితే మా నాయన ఆగేవాడు. వంగి దాన్ని ఎట్లా ఉండేదో అట్లాగే సర్ది, అరికాలితో ఒక నొక్కు నొక్కి ముందుకు పోయేవాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చూసిన సేద్యం ఇది. లోకంలో అందరూ ఇట్లాగే చేస్తారనుకునేదాన్ని.

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల దిగివచ్చి చదునులో కలిసే చోట మా ఊరు. ఊరికి పైన కొండవాలు మీద మా చేను. కాగితాల్లో ఏడెకరాలని రాసి ఉండేది. అందులో మట్టెంత, రాయెంత అని ఎవరైనా అడిగితే మేమే నవ్వేవాళ్లం. దూరం నుంచి చూస్తే ఎవరో బండ్లకొద్దీ రాళ్లు తోలి పారబోసినట్టుండేది. పిడికిలంత రాయి నుంచి కూర్చునే పీటంత రాయి దాకా, పలకలు పలకలుగా, కొన్ని ఎర్రవి, కొన్ని బూడిద రంగువి. రాయి ఎత్తితే కింద ఎర్రటి గరుసు మట్టి. గడ్డపార వేస్తే జానెడు దిగేలోపే ఖంగుమనేది. అడుగునంతా బండే. కొండ పక్కకు ఎక్కేకొద్దీ ఆ జానెడు కాస్తా బెత్తెడయ్యేది. కింది పక్కకు దిగితే మూరెడు దాకా దొరికేది, పైన కొట్టుకొచ్చిన మట్టంతా కింద చేరుతుంది కాబట్టి.

ఆ బండ కూడా ఒక్క ముక్కగా ఉండదు. దానికి బీటలుంటాయి. కంది వేరు, ఆముదపు వేరు ఆ బీటలు వెతుక్కుని దిగుతాయి. ఏటా కోత అయినాక కంది మోడు పీకితే వేరు కొన పలకలాగా అణిగిపోయి వచ్చేది, రెండు రాళ్ల నడుమ ఇరుక్కుని పెరిగినందుకు. కొర్రకు అంత ఓపిక లేదు. దానికి పైనున్న జానెడే దిక్కు. ఆ జానెడులో తడి ఎన్నాళ్లు నిలిస్తే అన్నాళ్లు బతుకుతుంది. మా తిండి కొర్ర మీదే నడిచేది కాబట్టి మా బతుకు కూడా ఆ జానెడు మీదే.

నాకు ఆరేళ్లో ఏడేళ్లో ఉన్నప్పుడు మా నాయన ఒక మిట్టమధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఒక రాయి కిందికి దూర్చాడు. వాన పడి అప్పటికి పన్నెండు దినాలో ఏమో.

"ఎట్లుండాది?" అన్నాడు.

"సల్లగుండాది."

"ఇప్పుడు పక్కన మట్టి మీద పెట్టు."

పెట్టి వెంటనే తీసేశాను. కాలింది.

"ఎండ రాయికి తగలల్ల, మట్టికి తగలకూడదు. వాన గూడా అంతే. రాయి మీద పడి, అంచున జారి, నిదానంగా లోపలికి పోవల్ల. అందుకే రాయిని ఎత్తితే మళ్ల అట్లనే పెట్టల్ల. చెమ్మ పక్క కిందికి."

విత్తనం ఎప్పుడు వేయాలో కూడా ఆయన అట్లాగే తేల్చేవాడు. చేలో నాలుగైదు చోట్ల రాయెత్తి కింద చెయ్యి పెట్టి చూసేవాడు. అన్ని చోట్లా చెమ్మ తగిలితే గొర్రు కట్టేవాడు. లేకుంటే ఊరంతా విత్తుతున్నా ఆయన కదిలేవాడు కాదు. మడకతో లోతుగా దున్నడం మా చేలో లేదు. పైపైన గీరినట్టు గొర్రు పోతుంటే, వెనక మా అమ్మ, అమ్మ వెనక నేను, తిరగబడిన రాళ్లను మళ్లీ బోర్లిస్తూ నడిచేవాళ్లం. నడుములు పడిపోయేవి. మా అమ్మ వాలుకు అడ్డంగా నాలుగు కట్టవలు కూడా కట్టింది. కట్టవంటే మోకాలెత్తు రాతి గట్టు. సున్నమూ లేదు, మట్టీ లేదు, రాయి మీద రాయి పేర్చడమే. నీళ్లు సందుల్లోంచి పోతాయి, మట్టి ఆగుతుంది. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆమె జ్వరంతో పోయింది. కట్టవలు ఉండిపోయాయి.

ఆమె పోయాక ఇంట్లో మిగిలింది నేనూ నాయనా. కొడుకు లేడు. మా వైపు కొడుకులు లేని ఇళ్లలో ఇల్లటం తెచ్చుకునేవాళ్లు. అల్లుడు వచ్చి మామ ఇంట్లోనే ఉండి, మామ సేద్యం చేసి, ఆ భూమికి వారసుడవుతాడు. కర్నూలు రాజధాని అయిన ఏడాది నా పెళ్లి కుదిరింది. ఆయనది నంద్యాల పక్కన పల్లె, మా అమ్మ పుట్టినింటి వైపు చుట్టరికం. నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాడు. ఆ నలుగురికీ పంచితే తలా ఒక చెక్క కూడా రాదు కాబట్టి మా రాళ్ల చేనికి రావడానికి ఒప్పుకున్నాడు.

పెళ్లికి ముందు మా నాయన నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. మా ఊళ్లోనే ఇంకొక ఇంట్లో ఇల్లటపు అల్లుడిని కళ్లంలో నలుగురి ముందర మామ ఏదో అన్నాడని, అతను కండువా దులుపుకుని వాళ్ల ఊరికి నడిచిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ పిల్ల పుట్టింట్లో ఉండీ లేనట్టు ఉండేది. మా నాయనకు ఆ భయం పట్టుకుంది.

"ఒక ఏడు గడిచేదాంక ఆ పిల్లోణ్ణి దేనికీ వద్దనకూడదు. నేనూ అనను, నువ్వూ అనొద్దు. కొత్త సోట మనిషి నాటుకోవల్ల గదా" అన్నాడు.

సరేనన్నాను. నాకు పదిహేడేళ్లు. దేనికైనా సరేననే వయసు. పైగా మాకు ఆ మనిషి ఎంత అవసరమో నాకు తెలుసు. మా నాయనకు అప్పటికే మోకాళ్లు పట్టేస్తుండేవి. అల్లుడు నిలవకపోతే ఆ చేనికి మనిషి లేడు. చేను లేకపోతే మాకు కూడు లేదు.

మా ఆయన వచ్చిన మొదటి రోజు చేను చూసి ఏమీ అనలేదు. మర్యాదస్తుడు. కానీ ముఖంలో కనిపించింది. ఆయన పుట్టి పెరిగింది నల్లరేగట్లో. మా అమ్మ ఊరికి పోయినప్పుడు నేనూ చూశాను ఆ నేలను. ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు, వానాకాలంలో మోకాలి దాకా బురద, మైళ్ల తరబడి పోయినా ఒక్క రాయి కనబడదు. కుక్కను అదిలించడానికి కూడా మట్టిపెళ్ల వెతుక్కోవాల్సిందే. అక్కడ చేలో రాయి కనిపిస్తే దాన్ని తీసి గట్టు అవతల పారేయడం సేద్యగాడి మర్యాద. రాళ్లున్న చేనంటే సోమరివాడి చేను. ఆయన చెయ్యి అట్లా అలవాటు పడింది. మాట్లాడుతూ నడుస్తూనే వంగి రాయి తీసి అవతలికి విసిరేవాడు. విసిరినట్టు ఆయనకే తెలిసేది కాదు. మా నాయన చూసేవాడు. సాయంత్రం మా ఆయన ఇంటికి పోయాక వెతికి ఆ నాలుగు రాళ్లూ తెచ్చి పెట్టేవాడు. చెప్పడానికి నోరు తెరవడు, మాట ఇచ్చుకున్నాడు కాబట్టి.

ఇది ఇట్లా జరుగుతూ ఉండగా శివరాత్రి వచ్చింది. అమ్మ పోయినప్పుడు మా నాయన శ్రీశైలానికి మొక్కుకున్నాడు. నడిచి పోయి ఉగాది దాకా అక్కడే ఉండి, వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోస్తానని మొక్కు. ఇంట్లో మగదిక్కు వచ్చిందనే ధైర్యంతో ఆ ఏడాది బయలుదేరాడు. ఆత్మకూరు మీదుగా అడవి దారి. పోయేముందు చేను చూపించి "ఈ నెల్నాళ్లు ఈడ పనేమీ లేదు, అట్లనే ఉండనీండి" అన్నాడు. నాకేసి ఒక్కసారి చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు అబద్ధమాడను.

ఆయన పోయిన నాలుగో దినం మా ఆయన గంప తెచ్చి "మామ వచ్చేసరికి సేను చూసి ఆయనే గుర్తు పట్టకూడదు" అన్నాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పెళ్లయి అన్ని నెలలకు ఆ ఇంట్లో ఆయన అట్లా నవ్వడం అదే మొదటిసారి. అన్నాళ్లూ చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగా వసారాలో ఒక పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు సొంతమని ఒక పని దొరికింది.

"రాళ్లు ఏరేద్దాం. నువ్వు సిన్నవి ఏరు, నేను పెద్దవి మోస్తా. ఏమంటావ్?"

నా నాలుక కొన మీద దాకా వచ్చింది. చెప్తే ఒక్క మాట. కానీ నాకు ఆ కండువా దులుపుకుని పోయిన అల్లుడు కళ్ల ముందు కనిపించాడు. నాయన మాట కూడా ఉంది. ఆ రెండింటికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ నవ్వు చెరిగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"నీ ఇష్టం" అన్నాను.

నెల పైగా ఏరాం. నేనే ఏరాను, ఇంకెవరిమీదో తోసే పని లేదు. ఎత్తిన ప్రతి రాయి కిందా ఒక తడి మచ్చ. ఫాల్గుణంలో, వాన మొహం చూడని ఫాల్గుణంలో, ఆ మచ్చ చూస్తూ చూస్తూ ఎండకు వదిలేసి ఇంకో రాయి దగ్గరికి పోయాను. తేళ్లు, జెర్రులు, చీమల గుడ్లు బయటపడ్డాయి. అవి కూడా ఆ రాళ్లను నమ్ముకునే ఉన్నాయి. మా అమ్మ కట్టవల జోలికి పోతుంటే మాత్రం ఒక్కసారి గట్టిగా "అది మా అమ్మది" అన్నాను. ఆయన ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంటే చెప్తే వినేవాడే. ఆ రోజైనా ఆ సంగతి నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు, లేదా తట్టినా పక్కన పెట్టాను.

ఏరిన రాళ్లు చేను కింద గుట్టగా పోశాం. చాగలమర్రి రోడ్డుకు కంకర కొట్టేవాళ్లు ఆ దినాల్లో రాళ్లకు తిరుగుతున్నారు. మా ఆయన వాళ్లను పిలిచి "ఊరికే తోలుకుపోండప్పా, మాకు అడ్డం పోతే సాలు" అన్నాడు. బండ్లు వచ్చాయి, గుట్ట పోయింది. మూడు తరాలు సర్దిపెట్టిన రాయి చాగలమర్రి రోడ్డులో కలిసింది. ఈ రోజుకీ ఆ రోడ్డు మీద బస్సులో పోతుంటే మా చేను మీద పోతున్నట్టే ఉంటుంది.

ఉగాది అయిన ఐదో నాటికి మా నాయన వచ్చాడు. ఇంటికి రాకుండా నేరుగా చేను దగ్గరికే పోయాడు. మేమిద్దరమూ అక్కడే ఉన్నాం. చేను చదునుగా, ఎర్రగా, బోడిగా ఉంది. నల్లరేగడివాళ్లు చూస్తే మెచ్చుకుంటారు.

"ఎట్లుండాది మామా?" అన్నాడు మా ఆయన.

మా నాయన చెప్పులు విడిచి లోపలికి పది అడుగులు వేశాడు. ఆగాడు. కాలికి తగలాల్సింది తగల్లేదు.

"రాళ్లు యాడికి పోయినాయప్పా?"

"రోడ్డుకు ఇచ్చేసినా మామా."

మా నాయన గట్టు మీదికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత "శానా కష్టపడినట్లుండారు. ఇంటికి పోదాం పాండి" అన్నాడు. దారిలో శ్రీశైలం సంగతులు చెప్పాడు, నీళ్లు, జనం, కన్నడం వాళ్లు. నన్ను పక్కకు పిలిచి 'నువ్వు చెప్పలేదా' అని అడుగుతాడని ఆ సాయంత్రమంతా కాచుకుని ఉన్నాను. అడగలేదు. మర్నాడు అడగలేదు. తిడితే ఏడ్చి ఒక దండం పెట్టేదాన్ని. ఆయన ఆ దారి కూడా మూసేశాడు.

మృగశిరలో మొదటి వాన పడింది. మంచి వాన. పక్క చేలల్లో రాళ్ల మీద పడి టపటపమంది. మా చేలో చప్పుడు లేదు, మెత్తగా మట్టిని కొట్టింది. కాసేపటికి నేల పైన సన్నటి బురద పొర కట్టింది. ఆ తర్వాత నీరు లోపలికి దిగడం మానేసి కిందికి జారడం మొదలుపెట్టింది. మా చేలోంచి వంకలోకి దిగిన నీళ్లు కుంకుమ కలిపినట్టున్నాయి. పక్క చేను నీళ్లు మామూలుగానే ఉన్నాయి. నేను చేని పక్కనున్న మా కొట్టం గడపలో నిలబడి చూస్తూ ఉన్నాను. ఆ ఎరుపు ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాన వెలిశాక మా ఆయన సంతోషంగా గొర్రు కట్టాడు. రాయి అడ్డం లేదు కాబట్టి ఒక్క పూటలో చేను అయిపోయింది. కొర్ర మొలిచింది కూడా. ఆ పైన పదిహేను దినాలు వాన లేదు. మా వైపు అది కొత్తేమీ కాదు, ప్రతి ఏడూ ఉండేదే. పొర కట్టిన నేల ఎండి పెంకులాగా లేచింది. మొలక ఆరో నాటికి వాలింది, పదో నాటికి పండుబారింది, పన్నెండో నాటికి చేతిలో నలిపితే పొడైంది. పక్క చేలో రాళ్ల సందుల్లో కొర్ర బెత్తెడెత్తు నిలబడి ఉంది. రెండో వాన పెద్దది. అది వెలిశాక చూస్తే కొండ పక్కన పైచెక్క అంతా బండ తేలింది. నున్నగా, కడిగినట్టు. నేను పుట్టాక ఆ బండను చూడటం అదే.

మా ఆయన పక్క చేలోకి పోయి చాలాసేపు కూర్చున్నాడు. కూర్చుని ఒక రాయి ఎత్తి కింద చెయ్యి పెట్టాడు. దించాడు. ఇంకొకటి ఎత్తాడు. ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు, తెలివైన మనిషి. తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇది నీకు తెల్సునా?"

"తెల్సు."

"ముందే తెల్సునా?"

"సిన్నప్పట్నుంచి తెల్సు."

"మరి ఏరుతాంటే నోరు తెరిచి ఒక్క మాట సెప్పలేకపోతివా?"

"సెప్తే పోతావనుకున్నా."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది కోపం కాదు. ఆ ముఖం నేను మర్చిపోలేదు.

"నన్ను నీ మొగుడనుకోలేదు నువ్వు. మీ నాయనకు వచ్చిన అల్లుడనుకున్నావు. సుట్టం తప్పు జేసినా ఎవురూ ఎత్తి సెప్పరే, అట్ల జేసినావు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఆళ్లగడ్డకు నడిచిపోయి నంద్యాల బస్సెక్కాడని తెలిసింది. నాలుగు దినాలు రాలేదు. మా నాయన ఆ నాలుగు దినాలూ వసారాలో కూర్చుని దారివైపు చూస్తూ తాడు పేనాడు, పేనిన తాడు విప్పి మళ్లీ పేనాడు. నేను కూడు వండాను గానీ ఎవరూ సరిగా తినలేదు. వద్దనకూడదని అంత జాగ్రత్త పడి, వద్దనకపోవడం వల్లే మనిషిని పోగొట్టుకున్నామని కుమిలిపోయాను. నా బుద్ధిని నేనే తిట్టుకున్నాను. పైకి అనలేదు గానీ నాయనను కూడా తిట్టుకున్నాను.

ఐదో నాటి పొద్దున బండి చప్పుడైంది. వాళ్ల నాయన బండీ, రేగడి సేద్యపు పెద్ద ఎద్దులూ. మా ఆయన దిగి కాడి విప్పకుండానే "మామా, కొండ మీద రాయి యాడ దొరుకుతాదో సూపించు" అన్నాడు.

మా నాయన లేచాడు. మోకాలు పట్టేసి మళ్లీ కూర్చుని మళ్లీ లేచాడు. "వంకలో రాయి పనికిరాదప్పా, గుండ్రంగా ఉంటాది, దొర్లిపోతాది. పలక రాయి గావల్ల. పైకి పోవల్ల" అన్నాడు. నేను లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుని తనివిదీరా ఏడ్చాను. తర్వాత లేచి సంగటి కెలికాను.

ఆ ఏడాది మా చేను పండలేదు. మా అమ్మ పుట్టింటి వాళ్లు పంపిన జొన్నలు తిన్నాం. ఉత్తర కార్తెలో కింది చెక్కలో ఉలవలు చల్లితే అవి మాత్రం దయ తలిచాయి.

తర్వాత ఆరేళ్లు మేము రాళ్లు మోశాం. ఏరడానికి నెల పట్టింది, పెట్టడానికి ఆరేళ్లు. ఏరేటప్పుడు ఏ రాయైనా ఒకటే. పెట్టేటప్పుడు ప్రతి రాయికీ చోటు చూడాలి. పెద్ద పలక ఎక్కడ పెడితే దాని అంచున జారిన నీరు ఏ మొదలుకు పోతుందో చూడాలి. రాయికీ రాయికీ మధ్య కొర్ర మొలిచేంత సందు వదలాలి. మొత్తం కప్పేస్తే పంటకు చోటుండదు, వదిలేస్తే ఎండకు చోటు. కొట్టుకుపోయిన మట్టి అంతా పోలేదు. మా అమ్మ కట్టిన నాలుగు కట్టవల వెనక చాలా వరకు నిలిచి ఉంది. దాన్ని గంపల్లో ఎత్తి మళ్లీ పైకి మోశాను. ఆ పని నేనే చేస్తానన్నాను, ఆయన్ను రానివ్వలేదు. కాన్పు ముందు ఒక ఏడు, కాన్పు తర్వాత ఒక ఏడు తప్ప మిగతా ఎండాకాలాలన్నీ మోశాను. అమ్మ ఉంటే ఏమనేదో అనుకునేదాన్ని. ఏమీ అనదు, తనూ ఒక గంప ఎత్తుకునేది.

నడుమ ఒక ఏడు, సేద్యం సలహాలు చెప్పే సర్కారు గ్రామసేవకుడు వచ్చాడు. చదువుకున్న పిల్లవాడు, సైకిలు తొక్కుకుంటూ వచ్చి చెమటతో తడిసిపోయాడు. చేను చూసి "ఈ రాళ్లన్నీ ఏరేస్తే నేల బాగుపడుతుంది కదా" అన్నాడు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఆయనే అతణ్ణి కూర్చోబెట్టి, ఒక రాయి ఎత్తి, అతని చెయ్యి పట్టుకుని కింద పెట్టించాడు. ఆ పిల్లవాడు మంచివాడు, కాగితం తీసి రాసుకున్నాడు. నేను మజ్జిగ ఇచ్చి పంపాను.

చేను మెల్లగా ఒళ్లు చేసింది. మూడో ఏడాది కొర్ర సగం చేలో నిలిచింది. ఐదో ఏడాదికి పైచెక్క తప్ప అంతా పచ్చబడింది. ఇంట్లో ఒకటే మారలేదు. మా నాయన మా ఆయనతో మాట్లాడితే "అప్పా" అని మొదలుపెట్టి మెత్తగానే ముగించేవాడు. ఏడాది వద్దనకూడదన్న మాట ఏళ్లు గడిచినా ఆయన నోటికి పట్టుకునే ఉంది. ఒకసారి మనిషి పోయి వచ్చాడు కదా, ఆ భయం రెట్టింపైంది. మా ఆయన కూడా ఆ మెత్తదనానికి తల వంచుకుని పోయేవాడు. నాతో ఒకసారి "మీ నాయన నన్ను ఎప్పుడన్నా ఒక్క మాటన్నా అంటే బాగుండు" అన్నాడు. నా సంగతి కూడా అదే. ఆ ఉగాదప్పుడు అడగని మాట ఆయన ఎప్పుడూ అడగలేదు.

పందొమ్మిది వందల అరవైలో, ఆరుద్రలో, విత్తనం వేస్తున్నాం. మా నాయనకు ఇక చేలో నడిచే శక్తి లేదు. గట్టు మీద కూర్చుని, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. మా ఆయన గొర్రు వెనక వస్తూ ఒక పెద్ద పలక తిరగబడితే వంగి సర్దాడు. తొందరలో తడి పక్క పైకి పెట్టి ముందుకు నడిచాడు. వెనక నేను వస్తున్నాను. చూశాను. ఎద్దులు కదిలిపోతున్నాయి, తర్వాత తిప్పుదాంలే అనుకుని నేనూ దాటిపోయాను.

గట్టు మీది నుంచి కేక వినబడింది.

"రేయ్, కండ్లు యాడ పెట్టుకున్యావురా? ఆ రాయి తిప్పు. చెమ్మ పక్క కిందికి."

ఎద్దులు కూడా ఆగాయి. మా ఆయన వెనక్కి తిరిగి మా నాయనకేసి చూశాడు. ముఖమంతా నవ్వు. రాళ్లు ఏరదామని గంప తెచ్చినప్పటి నవ్వు మళ్లీ అప్పుడు చూశాను. వెనక్కి వచ్చి, వంగి, రాయి తిప్పి, అరికాలితో నొక్కాడు. "తిప్పినా మామా" అన్నాడు.

మా నాయన కోపం ఇంకా దిగలేదు. చెయ్యి నావైపు తిప్పాడు.

"నువ్వేందే? చూస్తాండి గూడా చెప్పకుండా పోతాండావు. నీకు నోరు లేదా?"

ఆరేళ్లు ఆ మాట కోసం కాచుకున్నాను. ఒళ్లో విత్తనాలు పట్టుకుని చేను నడిమధ్య నిలబడి ఏడ్చేశాను.

"ఇంకమీద చెప్తా నాయనా" అన్నాను.

"చెప్పు. బేగా కానీండి, పదునారిపోతాది" అన్నాడు ఆయన.

పైచెక్క మాత్రం ఇప్పటికీ బండగానే ఉంది. దాని మీద మేము కొర్రలు ఆరబోస్తాం.